ఊట నీటి లెక్క: మంజీర నుంచి తుమ్మలపల్లె దాకా

నిజాంసాగర్ కాలువ కింద చెరకు వేసిన రైతుకు ఊట గురించి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. కాలువ నిండుగా పారిన ఏడాది గట్టు దిగువ మడి జాలు పడుతుంది. దున్నితే నాగలికి బురద అంటుకుంటుంది. రెండు మూడేళ్లు అలాగే ఉంటే నేల మీద తెల్లటి పొర తేలుతుంది. నీరు నిలిచిన చోటు నుంచి అడుగున ఎటో ఒకవైపు కదులుతూనే ఉంటుందనీ, పోతూ పోతూ మట్టిలోని ఉప్పును వెంట తీసుకుపోతుందనీ ఈ ప్రాంతం అనుభవంతో తెలుసుకుంది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ మంజీర నీటిని బోధన్ దాకా తెచ్చింది. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన రైతులు కాలువల వెంట క్యాంపులు కట్టుకున్నారు. 1937లో నిజాం చక్కెర కర్మాగారం ఏర్పడింది. దాని చుట్టూ శక్కర్‌నగర్ వెలిసింది. బోధన్ పేరు ఆసియా ఖండమంతా వినిపించిన రోజులవి.

ఈ వ్యాసంలో చెప్పదలచింది మరో రకం ఊట గురించి. గనిలోంచి తీసిన రాయిని పిండి చేసి, అందులోంచి కావలసిన లోహాన్ని లాగేశాక మిగిలిన బురదను నిల్వచేసే చెరువులుంటాయి. ఇంజనీర్లు వాటిని టెయిలింగ్స్ పాండ్ అంటారు. కడప జిల్లా పత్రికల్లో, ఊళ్లలో అది టెయిల్‌పాండ్‌గా స్థిరపడింది. ఆ చెరువు అడుగు నుంచి ఏది జారుతోంది, ఎంత జారుతోంది, ఎవరి బోరులోకి చేరుతోంది అని కనిపెట్టి ఉండటమే ఊట పర్యవేక్షణ. తెలుగు నేల మీద ఈ పర్యవేక్షణ చరిత్ర చిన్నదే. అందులో రెండు ఘట్టాలు ముఖ్యమైనవి. మొదటిది గనిది కాదు, పరిశ్రమల వ్యర్థజలాలది; అది మంజీర మీద జరిగింది కాబట్టి నిజామాబాద్, బోధన్ పాఠకుడికి దగ్గరిది. రెండోది పులివెందుల పక్కన వేముల మండలంలో జరిగింది, ఇంకా ముగియలేదు. రెండింట్లోనూ కొలత ఫిర్యాదు తర్వాతే వచ్చిందన్నది నా వాదన. ఈ ఆలస్యం వల్లనే నిజం నిరూపించడం రైతుకు అసాధ్యమైంది.

మంజీర సంగతి ముందుగా. 1970ల మధ్యలో హైదరాబాదు శివార్లలో పటాన్‌చెరు పారిశ్రామిక వాడ మొదలైంది. ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ తయారు చేసిన రసాయన నిపుణుల తరం సొంతంగా మందుల కంపెనీలు పెట్టుకుంటున్న కాలం అది. పదేళ్లు తిరిగేసరికి పటాన్‌చెరు, బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం చుట్టూ మందుల ముడిసరుకు పరిశ్రమలు నిండిపోయాయి. వాటి వ్యర్థజలాలు కొన్ని కుంటల్లో నిలిచాయి, కొన్ని నక్కవాగులో కలిశాయి. నక్కవాగు మంజీరలో కలుస్తుంది. ఈ కలయిక ఎక్కడన్నది గమనించదగ్గ సంగతి. హైదరాబాదుకు తాగునీరు తోడే మంజీర బ్యారేజి అక్కడికి ఎగువన ఉంది. మెతుకుసీమ పొలాలకు నీరిచ్చే ఘనపురం ఆనకట్ట, ఇందూరు సీమ పొలాలకు నీరిచ్చే నిజాంసాగర్ దిగువన ఉన్నాయి. రాజధాని తన నీటిని కలయికకు పైన తీసుకుంది. పల్లెలకు దక్కింది కిందినీరు.

నక్కవాగు పక్క ఊళ్లలో పశువులు చనిపోవడం, బావుల నీరు రంగు మారడం, వరి నారు మాడిపోవడం 1980ల్లోనే బయటపడ్డాయి. పటాన్‌చెరులో వైద్యం చేసుకునే డాక్టర్ కిషన్‌రావు తన దగ్గరికి వచ్చే రోగుల్లో తేడా గమనించి రైతులను కూడగట్టారు. 1990లో సుప్రీంకోర్టులో రిట్ పిటిషన్ దాఖలైంది. నష్టపోయిన వారికి పరిహారం లెక్కకట్టే పని న్యాయస్థానం జిల్లా జడ్జికి అప్పగించింది. ఊళ్లకు తాగునీరు సరఫరా చేయాలని ప్రభుత్వాన్ని ఆదేశించింది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు ఆ ప్రాంతపు భూగర్భ జలాల్లో కాలుష్యం ఏ దిక్కుగా ఎంత వేగంతో కదులుతోందో లెక్కగట్టారు. తెలుగు ప్రాంతంలో ఊట నీటి కాలుష్యాన్ని ఇంత పద్ధతిగా అధ్యయనం చేసిన తొలి సందర్భాల్లో ఇదొకటి. కేసు 2001లో హైకోర్టుకు మారింది, తర్వాత జాతీయ హరిత న్యాయస్థానానికి చేరింది. ఒక తరం రైతులు కోర్టు వాయిదాల మధ్యే వృద్ధులయ్యారు.

2007లో స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించి ఫలితాలు ప్రచురించింది. శుద్ధి చేశాక కూడా లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా ఎక్కువ. ప్రపంచం నివ్వెరపోయింది. పదిహేడేళ్లుగా కేసు నడుస్తున్న చోట, నెలనెలా నమూనాలు తీస్తున్న చోట, ఈ సంగతి అంతవరకూ ఎందుకు తెలియలేదు? ఆ నీటిలో మందుల అవశేషాలు వెతకాలని ఏ నిబంధనా చెప్పలేదు కనుక. ఆమ్లత్వం, లవణాలు, ఆక్సిజన్ అవసరం మాత్రమే కొలిచారు. పర్యవేక్షణ గురించి తెలుసుకోవలసిన మొదటి సత్యం ఇది. దేన్ని వెతకాలో ముందే నిర్ణయించుకున్న వాడికి అదే కనిపిస్తుంది. మిగతాదంతా నీటితో పాటు దిగువకు పోతుంది.

ఇక వేముల మండలంలోని తుమ్మలపల్లె. కడప బేసిన్‌లో వేంపల్లె శిలావిభాగమని భూవిజ్ఞానులు పిలిచే డోలమైటు పొరల్లో యురేనియం ఉన్నట్టు అణు ఖనిజ సంచాలకాలయం గుర్తించింది. ఈ సంస్థ కేంద్ర కార్యాలయం మన బేగంపేటలోనే ఉంది. ఖనిజం నాణ్యత చాలా తక్కువ, టన్ను రాయిలో అర కిలో కూడా ఉండదు. జార్ఖండ్‌లోని జాదుగూడలో యురేనియాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కరిగిస్తారు. సున్నపు జాతి రాయి మీద ఆమ్లం పోస్తే ఆమ్లమంతా రాయికే సరిపోతుంది. అందుకని ఇక్కడ క్షారపద్ధతి ఎంచుకున్నారు. రాతి పిండిని సోడియం కార్బొనేటు, బైకార్బొనేటు ద్రావణంలో కలిపి, ఆక్సిజన్ ఎక్కించి, వేడి మీద ఒత్తిడితో ఉడికిస్తారు. కరిగిన యురేనియాన్ని సోడియం డైయురేనేటుగా పట్టి హైదరాబాదులోని అణు ఇంధన సముదాయానికి పంపుతారు. ఈ పద్ధతిని భాభా అణు పరిశోధన కేంద్రం రూపొందించింది. సాంకేతికంగా అది చిన్న విజయం కాదు.

2006 సెప్టెంబరులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. 2007 నవంబరు 20న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి శంకుస్థాపన చేశారు. 2011లో అణుశక్తి కమిషన్ అధ్యక్షులు శ్రీకుమార్ బెనర్జీ అక్కడి నిల్వలు 49,000 టన్నులుగా ఖాయమయ్యాయనీ, అంతకు మూడింతలు ఉండవచ్చనీ ప్రకటించినప్పుడు ప్రపంచంలోని అతి పెద్ద నిక్షేపాల్లో ఇదొకటి కావచ్చని పత్రికలన్నీ రాశాయి. 2012లో కర్మాగారం నడక మొదలుపెట్టింది. రోజుకు 3,000 టన్నుల రాయిని మింగగల కర్మాగారం అది.

ఆ 3,000 టన్నుల్లో యురేనియంగా బయటికి వెళ్లేది ఒకటి, ఒకటిన్నర టన్ను. మిగిలినదంతా, దానితోపాటు వాడిన రసాయనాల శేషమంతా, టెయిల్‌పాండ్‌కు పోవలసిందే. ఏడాదికి 300 రోజులు పూర్తి సామర్థ్యంతో నడిస్తే 9 లక్షల టన్నుల బురద. యురేనియాన్ని తీసేశాక అది మామూలు మట్టి అనుకోవడానికి లేదు. యురేనియం యుగయుగాలుగా క్షీణిస్తూ పుట్టించిన థోరియం-230, రేడియం-226 ఆ బురదలోనే ఉండిపోతాయి. మొదటి రాయిలోని రేడియోధార్మికతలో దాదాపు 85 శాతం చెరువులోనే మిగులుతుంది. రేడియం అర్ధాయువు 1,600 ఏళ్లు. థోరియం అర్ధాయువు 75,000 ఏళ్లు. గని ఇరవై ముప్ఫై ఏళ్లు నడుస్తుంది. చెరువును కాపలా కాయవలసిన కాలాన్ని మన రాజవంశాల లెక్కలో చెప్పుకోవాలి, అదీ చాలదు.

కొండల మధ్య లోయకు అడ్డుకట్ట వేసి కె.కె. కొట్టాల పక్కన ఆ చెరువు కట్టారు. దిగువన కొట్టాల, కనంపల్లె, మబ్బుచింతలపల్లె, భూమయ్యగారిపల్లె, రాచకుంటపల్లె వంటి ఊళ్లు. వర్షం తక్కువైన ఆ ప్రాంతంలో రైతు వందల అడుగుల లోతుకు బోరు దించి అరటి పండిస్తాడు. పులివెందుల అరటికి దేశమంతా గిరాకీ ఉంది. డ్రిప్పు గొట్టాలతో, అప్పుతో, ఆశతో పెంచే పంట అది.

కర్మాగారం మొదలైన మూడు నాలుగేళ్లకు ఫిర్యాదులు మొదలయ్యాయి. బోరు నీటి రుచి మారిందన్నారు. డ్రిప్పు గొట్టాల నోళ్ల దగ్గర తెల్లటి పొర పేరుకుంటోందన్నారు. అరటి ఆకు అంచులు ఎండి, గెల చిన్నదై, చెట్టు కూలిపోతోందన్నారు. చర్మం మీద దద్దుర్లు వస్తున్నాయన్నారు. ఈ ఫిర్యాదుల్లో నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది అరటి సంగతి. కాలుష్యమంటే అందరి దృష్టీ రేడియోధార్మికత మీదికే పోతుంది. అయితే క్షారపద్ధతి కర్మాగారపు చెరువు నుంచి ఊట జారిందంటే అన్నిటికన్నా ముందు బయటపడేది సోడియం. దాని వెంట కార్బొనేటు, సల్ఫేటు. సోడియం మోతాదు పెరిగిన నీరు పారితే బంకమట్టి రేణువులు విడిపోయి నేల బిగుసుకుపోతుంది. నీరు ఇంకదు, వేరుకు గాలి ఆడదు. అరటి దీనికి తట్టుకోలేదు. వ్యవసాయ శాఖ వాళ్లు దీన్ని కారు చౌడు అంటారు. బోధన్ రైతుకు తెలిసిన తెల్లటి పాల చౌడు నీటితో కడిగితే తగ్గుతుంది, కారు చౌడు తగ్గదు. జిప్సం వేసి, సోడియాన్ని కాల్షియంతో మార్చి, ఆపైన కడగాలి. ఆ కడిగిన నీరు మళ్లీ ఎక్కడికో పోవాలి. ప్రతి ఎండిన అరటిచెట్టుకూ టెయిల్‌పాండే కారణమని దీనర్థం కాదు. కానీ అలాంటి చెరువు దిగువన అరటి ఎండుతుంటే మొదట నేలలోని సోడియం చూడాలి. రైతు చూపించిన ఆనవాలు శాస్త్రానికి అందవలసినంత స్పష్టంగా ఉంది.

గని నడిపే సంస్థ సమాధానం ఒకే మాటగా ఉంటూ వచ్చింది. ఈ ప్రాంతపు రాళ్లలోనే యురేనియం ఉంది కాబట్టి బోరుల్లో అది సహజంగానే కనిపిస్తుంది, టెయిల్‌పాండ్ నుంచి ఊట లేదు అని. ఈ వాదనను తేలికగా కొట్టిపారేయడం న్యాయం కాదు. ఖనిజం ఉన్న చోటే గని తవ్వుతారు. ఖనిజం ఉన్న చోట నీటిలో దాని జాడ ఉండటం ప్రకృతి సహజం. గని ఆనవాలే లేని ఊళ్లలో కూడా భూగర్భ జలంలో యురేనియం పరిమితి దాటిన సందర్భాలు కేంద్ర భూగర్భ జల మండలి సర్వేల్లో ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటరాదని 2011లో సూచించింది. మన అణుశక్తి నియంత్రణ మండలి 60 దాకా అనుమతించింది. ఈ రెండు అంకెల మధ్య పడిన బోరు నీరు ఒక లెక్కలో మంచిది, మరో లెక్కలో చెడ్డది. ఆ నీళ్లు తాగే మనిషికి ఏ లెక్క వర్తిస్తుందో చాలాకాలం పాటు చెప్పిన వాళ్లు లేరు.

అయితే సహజమా, చెరువు ఊటా అన్న ప్రశ్నకు జవాబు చెప్పలేనంత కష్టమేమీ లేదు. మొదటి మార్గం, చెరువు కట్టకముందు అదే బోరులో ఏముందో చూడటం. ఎగువన ఒకటి, దిగువన కొన్ని పరిశీలన బావులు తవ్వి ఏటా వానలకు ముందూ వెనుకా నీటి మట్టాన్నీ, రసాయనాలనూ పోల్చడం రెండో మార్గం. ఎగువ బావి మారకుండా దిగువ బావులు మాత్రమే మారితే కారణం మధ్యలో ఉన్నట్టే. మూడోది నీటి జమాఖర్చు. చెరువులోకి పంపిన నీరు ఎంత, ఎండకు ఆవిరైంది ఎంత, తిరిగి కర్మాగారానికి తోడుకున్నది ఎంత అని లెక్క కడితే మిగిలిన తేడా నేలలోకి పోయిందని తెలుస్తుంది. నాలుగో మార్గం మరీ సూక్ష్మమైనది. రాళ్ల మధ్య శతాబ్దాల పాటు నిదానంగా తిరిగిన నీటిలో యురేనియం-234 రేడియోధార్మికత యురేనియం-238 కన్నా సాధారణంగా ఎక్కువగా ఉంటుంది. రాయిని పిండి చేసి రసాయనంతో ఒక్కసారిగా కరిగించినప్పుడు ఆ రెండూ దాదాపు సమానంగా వస్తాయి. ఆ నిష్పత్తిని సోడియం, సల్ఫేటు లెక్కలతో కలిపి చదివితే, బోరు నీటిలోని యురేనియం కొండదా, కర్మాగారానిదా అన్నది చాలావరకు చెప్పవచ్చు. ఇంతటి పరికరాలు, పండితులు ఉన్న దేశం మనది.

ఇక్కడి రాయి స్వభావం వల్ల ఒక చిక్కు ఉన్న మాట నిజమే. డోలమైటు పొరల్లో నీరు ఇసుకలో లాగా అన్ని వైపులా సమానంగా పోదు. చీలికల వెంట పోతుంది. ఒక బోరు చెడిపోయి, నూరు గజాల అవతలి బోరు బాగానే ఉండవచ్చు. కాబట్టి నాలుగు చోట్ల నమూనాలు తీసి నాలుగూ బాగున్నాయి కనుక ఊట లేదనడం చెల్లదు. చీలికలు ఎటు సాగాయో మొదట విద్యుత్ నిరోధక సర్వేలతో గుర్తించి, ఆ దారిలో పరిశీలన బావులు తవ్వాలి. లేకపోతే బావి ఉంటుంది, పర్యవేక్షణ మాత్రం ఉండదు.

అసలు వివాదం చెరువు అడుగు గురించి. ఊట ఇంకకుండా అడుగున బంకమట్టి పొర, ప్లాస్టిక్ పొర వేయడం ప్రపంచమంతటా నడుస్తున్న పద్ధతి. రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో పనిచేసి పదవీ విరమణ చేసిన శాస్త్రవేత్త కె. బాబూరావు 2018లో ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలికి లేఖ రాస్తూ, అనుమతుల్లో పెట్టిన షరతు ప్రకారం ఇక్కడి చెరువుకు అడుగు పొర వేయలేదని ఎత్తిచూపారు. మండలి సంస్థకు నోటీసు ఇచ్చింది. అణుశక్తి నియంత్రణ మండలి చెప్పిన ప్రకారమే చెరువు కట్టామని సంస్థ జవాబిచ్చింది. 2019లో వివిధ సంస్థల నిపుణులతో ఒక బృందాన్ని పరిశీలనకు పంపారు.

ఈ ఉత్తరప్రత్యుత్తరాల వెనుక ఒక పాలనా లోపం ఉంది. నీటి చట్టం 1974 ప్రకారం నీటి కాలుష్యం రాష్ట్ర మండలి బాధ్యత. రేడియోధార్మికత కేంద్ర అణుశక్తి సంస్థల బాధ్యత. గని చుట్టూ రేడియోధార్మికతను కొలిచే ప్రయోగశాల భాభా అణు పరిశోధన కేంద్రానిది. గని, ప్రయోగశాల, నియంత్రణ మండలి అన్నీ అణుశక్తి వ్యవస్థలోని భాగాలే. వాటి శాస్త్రవేత్తల నిజాయితీని శంకించడం నా ఉద్దేశం కాదు. జాదుగూడలో దశాబ్దాలుగా వాళ్లు చేసిన కొలతలు శాస్త్ర పత్రికల్లో వచ్చాయి. అవి విలువైనవి. కానీ కొట్టాల రైతు ఇంగ్లీషు శాస్త్ర పత్రిక చదవడు. తన బోరు నమూనా తీసుకువెళ్లిన వాళ్లు ఫలితం రాసిచ్చిన కాగితం అతని చేతికి రావాలి. ఒకే నమూనాను రెండు సీసాల్లో పట్టి, ఒకటి సంస్థ ప్రయోగశాలకు, మరొకటి సంబంధం లేని విశ్వవిద్యాలయానికి పంపాలి. అనుమానం తీరే దారి ఇదొక్కటే. దీనికయ్యే ఖర్చు ఆ చెరువు కట్టకు అయిన ఖర్చులో లెక్కకు రానంత చిన్నది.

ఈ పాఠం ప్రపంచం ఎప్పుడో నేర్చుకుంది, నష్టపోయాకే నేర్చుకుంది. 1979 జులై 16న అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రం చర్చ్‌రాక్ వద్ద యురేనియం టెయిల్‌పాండ్ కట్ట తెగింది. 9 కోట్ల గ్యాలన్లకు మించిన ఆమ్ల జలం, 1,100 టన్నుల బురద ప్యుయెర్కో నదిలోకి దూసుకుపోయాయి. ఆ నది ఒడ్డున ఉన్నది నవాహో ఆదివాసులు. దానికి ఒక ఏడాది ముందే, 1978లో, అక్కడి చట్టసభ యురేనియం టెయిలింగ్స్ నియంత్రణకు ప్రత్యేక చట్టం చేసింది. ఆ చట్టపు వెలుగులోనే యూటా రాష్ట్రం మోయబ్ దగ్గర కొలరాడో నది గట్టున పడి ఉన్న 1.6 కోట్ల టన్నుల బురదను 2009 నుంచి రైలు పెట్టెల్లో 30 మైళ్ల అవతలికి తరలించడం మొదలుపెట్టారు. కారణం కట్ట తెగడం కాదు, ఊట. అమ్మోనియా, యురేనియం నేల అడుగు నుంచి నదిలోకి జారుతున్నట్టు పరిశీలన బావులు చూపించాయి. కర్మాగారం మూతపడ్డ పాతికేళ్లకు ఆ తరలింపు మొదలైంది. ఖర్చు ప్రజలది.

మన దేశంలో జాదుగూడలో 2006 డిసెంబరులో టెయిల్‌పాండ్‌కు బురద తీసుకుపోయే గొట్టం పగిలి వాగులోకి పారింది. సంస్థకు ముందుగా చెప్పింది గ్రామస్తులే. కోలార్ బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. అక్కడి సైనైడు దిబ్బలు ఊళ్ల మధ్య అలాగే ఉన్నాయి. గాలి వీస్తే ధూళి ఇళ్ల మీదికి లేస్తుంది, వాన పడితే గాడులు తీసి చెరువుల్లోకి దిగుతుంది.

తెలంగాణకు ఈ ప్రశ్న కొత్తది కాదు. నల్లగొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టులో యురేనియం తవ్వాలని ప్రతిపాదించినప్పుడు 2003 ఆగస్టు 19న ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. గని స్థలం నాగార్జునసాగర్ జలాశయానికి ఆనుకుని ఉంది. శుద్ధి కర్మాగారాన్ని, టెయిల్‌పాండ్‌ను దేవరకొండ వైపు సేరిపల్లికి మార్చినప్పుడు 2005లో మళ్లీ సేకరణ జరిగింది. హైదరాబాదుకు కృష్ణా నీరు అందించే అక్కంపల్లి జలాశయం కూడా ఈ జిల్లాలోనే ఉంది. హైదరాబాదు నుంచి శాస్త్రవేత్తలు, హక్కుల సంఘాలు, లంబాడా తండాల జనం ఒక్కటై వ్యతిరేకించారు. ఆ గని రాలేదు. తుమ్మలపల్లెలో వచ్చింది. ఈ తేడా నన్ను బాధపెడుతుంది. నల్లగొండలో ప్రమాదం రాజధాని తాగే నీటికి అన్నప్పుడు గొంతులు లేచాయి. వేములలో ప్రమాదం పదిహేను ఇరవై ఊళ్ల బోరులకు. మంజీర కలయికకు ఎగువ, దిగువ మధ్య ఉన్న అంతరమే ఇక్కడా కనిపిస్తుంది.

2019లో నల్లమలలో, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణ ప్రతిపాదన ముందుకు రాగానే మళ్లీ ఆందోళన చెలరేగింది. సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ దాన్ని వ్యతిరేకిస్తూ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ ఆందోళనలో తుమ్మలపల్లె అరటి తోటల ఫొటోలు చేతులు మారాయి. ఒక ఊరి నష్టం ఇంకో ఊరికి సాక్ష్యమైంది. కానీ సాక్ష్యంగా పనికొచ్చిన ఆ రైతులకు పరిష్కారం రాలేదు.

2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ అణు ఖనిజాలు, కీలక ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేదని మినహాయింపు ఇచ్చింది. దేశ భద్రత, ఇంధన అవసరం కారణాలుగా చూపారు. దేశానికి అణు ఇంధనం అవసరమన్న వాదనతో నాకు పేచీ లేదు. ఆ సేకరణ సభ ఎంత లోపభూయిష్ఠమైనదైనా, చెరువు కట్టకముందు మా బోరు నీళ్లు పరీక్షించి కాగితం ఇవ్వండి అని రైతు అధికారి ముఖం చూసి అడగగలిగిన ఒకే ఒక చోటు అది. ఇప్పుడు ఆ చోటు లేదు. కనుక అడగవలసిన పని పంచాయతీలది, కళాశాలలది, మనందరిదీ అయింది.

గని మొదలుకాకముందే దిగువనున్న ప్రతి బోరు నీటినీ పరీక్షించి, ఫలితాన్ని తెలుగులో గ్రామ పంచాయతీలో పెట్టాలి. పరిశీలన బావుల అంకెలను మూడు నెలలకొకసారి బయటపెట్టాలి. గని సొంతదారుకు సంబంధం లేని ప్రయోగశాలకు నమూనా రెండో సీసా చేరాలి. ఈ మూడింటినీ అనుమతి షరతుల్లో రాయాలని రాష్ట్ర ప్రభుత్వాలు పట్టుబట్టవచ్చు. అందుకు కొత్త చట్టం అక్కరలేదు.

మన నిజామాబాద్ ప్రాంతం సంగతి కూడా చెప్పాలి. బోధన్ చక్కెర కర్మాగారం 2002లో ప్రైవేటు చేతికి వెళ్లింది, 2015 డిసెంబరులో ఆగిపోయింది. 29 టీఎంసీలకు పైగా నిల్వకు కట్టిన నిజాంసాగర్ పూడిక వల్ల కుంచించుకుని నేడు 17.8 టీఎంసీల దగ్గర ఉంది. ఆ పూడిక మట్టిలో నక్కవాగు దశాబ్దాలుగా తెచ్చి పోసిన మట్టి కూడా ఉంది. డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం చదివే పిల్లలున్నారు. నిజామాబాద్ గిర్‌రాజ్ కళాశాలలో ప్రయోగశాల ఉంది. నిజాంసాగర్ ఆనకట్ట దగ్గర మంజీర నీటినీ, అడుగు మట్టినీ, బోధన్, వర్ని, కోటగిరి మండలాల్లో కొన్ని ఎంపిక చేసిన బోరులనూ ఏటా రెండుసార్లు పరీక్షించి ఆ అంకెలను అందరికీ కనిపించే చోట భద్రపరచడం వాళ్లకు అసాధ్యం కాదు. అధ్యాపకులు ఈ విద్యా సంవత్సరమే ఆ పని మొదలుపెట్టాలని నా విన్నపం.